కత్తిపిడి కోలగా నుండుట యెందుకు?

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పొలములలో పత్తికట్టె నరకుటకును, మిరపచేని చుట్టు ముండ్లకంప కొట్టుటకును కమ్మరి కొలిమిలో కత్తి చేయించుకొను రైతు మొదట పరీక్షింపవలసినది పదును కాదు, పిడి. ఏలయనగా పదును సానరాతిపై మరల వచ్చును గాని, చేతి కమరని పిడి కొంతసేపటిలోనే అరచేత బొబ్బలెక్కించును.

పిడి గుండ్రముగా నున్నచో దెబ్బ తగిలినప్పుడెల్ల కత్తి పిడికిటిలో తిరుగజూచును. దానిని నిలుపుటకై గట్టిగా బిగించుటచే వ్రేళ్లు త్వరగా అలయును. కోలగా నున్నచో వాదర ఏ దిక్కున నున్నదో చూడకయే చేతికి తెలియును. ఇది నా దృష్టిలో కత్తికి ప్రథమగుణము.

ఇక అలుగు. లారీ కమానుపట్టా ఉక్కును ఎఱ్ఱగా కాల్చి, నూనెలో ముంచి, ఒక్కపెట్టున చల్లార్చినచో మిక్కిలి కఠినమగును గాని, గాజువలె పెళుసెక్కును. అందుచే నేర్పరియైన కమ్మరి దానిని మరల మెల్లగా వేడిచేయుచు, గీకి మెరయించిన అంచుపై లేత గడ్డిరంగు ప్రాకగనే ఆపును. సుమారు 220 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏర్పడు పలుచని ఆక్సైడు పొరయే ఆ రంగునకు కారణము. ఉష్ణమాపకము లేని కొలిమిలో అదియే కొలత. ఎంతటి సూక్ష్మదృష్టి!

బాలలారా, కత్తి కొనునపుడు పెద్దల సమక్షమున పిడిని పట్టి చూడుడు: వ్రేళ్ల కొసలు అరచేతిని ఇంచుక తాకవలెను; చీలలు పైకి పొడుచుకొని యుండరాదు.