బాస్ ఫిషింగ్: రాడ్ మీద ఉన్న ఆ చిన్న అంకెలు చదివారా? గేర్ కొనే ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో గాలం వేసేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేరు బాస్. అందులోనూ లార్జ్‌మౌత్ బాస్. పేరుకు తగ్గట్టే పెద్ద నోరు. నాచులోనో, నీళ్లలో పడిన మొద్దుల చాటునో మాటు వేస్తుంది. ఎర దగ్గరికి రాగానే ఒక్క ఉదుటున అందుకుంటుంది. మన కొర్రమీను సంగతి తెలిసినవాళ్లకు దీని తీరు ఇట్టే అర్థమవుతుంది.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే డాలస్ నుంచి తూర్పు వైపు గంటన్నర, రెండు గంటలు కారులో వెళ్తే లేక్ ఫోర్క్ వస్తుంది. బాస్‌కు ఇది ఫేమస్ రిజర్వాయర్. 1992లో ఇక్కడ దొరికిన 18.18 పౌండ్ల బాస్ టెక్సాస్ రాష్ట్ర రికార్డు. అంటే మన లెక్కలో 8 కిలోల పైమాటే!

మరి వీకెండ్‌కి మనమూ ఓ గాలం వేద్దామని షాపుకి వెళ్తే? గోడ నిండా రాడ్లు, అద్దాల వెనక వందల రీళ్లు. ఏది కొనాలో తెలీక చాలామంది ధర చూసి తీసేసుకుంటారు. అసలు చిక్కు అక్కడే. రాడ్, రీల్, లైన్ మూడూ కలిపి ఒకే సెట్. ఒకటి తేడా కొడితే మిగతా రెండూ ఎంత ఖరీదైనవైనా దండగే. పైగా లైన్ తెగితే పోయేది మీ ఎర మాత్రమే కాదు. నోట్లో గుచ్చుకున్న గాలంతోనే ఆ చేప వెళ్లిపోతుంది.

రాడ్: ధర కంటే ముందు అంకెలు

రాడ్ పిడికి కాస్త పైన చిన్న అక్షరాలు ఉంటాయి. ఉదాహరణకు: 7 అడుగులు, మీడియం, ఫాస్ట్, లైన్ 8-12 పౌండ్లు, ల్యూర్ 1/4-5/8 ఔన్సు. ల్యూర్ అంటే ప్లాస్టిక్, చెక్క, లోహంతో చేసిన ఉత్తుత్తి ఎర. ఈ రాడ్‌తో సుమారు 7 గ్రాముల నుంచి 18 గ్రాముల బరువున్న ల్యూర్లు వేయొచ్చు, 8 నుంచి 12 పౌండ్ల లైన్ వాడొచ్చు అని దానర్థం. అంతకంటే తేలికైన ల్యూర్ వేస్తే దూరం వెళ్లదు. మరీ బరువైనది వేస్తే రాడ్ విరిగే ప్రమాదం ఉంది.

ఇక మీడియం, ఫాస్ట్ అనే రెండు మాటల్ని కలిపేసుకోకండి. మొదటిది పవర్. రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలో చెబుతుంది. లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ... ఇలా ఉంటాయి. రెండోది యాక్షన్. రాడ్ ఎక్కడ వంగుతుందో చెబుతుంది. ఫాస్ట్ అయితే కొన దగ్గరే వంగుతుంది. మోడరేట్ అయితే నడుము దాకా వంగుతుంది.

దీంతో మనకేంటి పని అంటారా? ప్లాస్టిక్ వానపాము లాంటి ల్యూర్‌కు ఒకటే పెద్ద గాలం ఉంటుంది. చేప పట్టగానే గట్టిగా లాగితేనే అది గుచ్చుకుంటుంది. కాబట్టి ఫాస్ట్ కావాలి. అదే క్రాంక్‌బెయిట్ అనే చేప ఆకారపు ల్యూర్‌కు మూడు ముళ్ల చిన్న గాలాలు ఉంటాయి. వాటిని అంత గట్టిగా లాగితే ఊడొచ్చేస్తాయి. అందుకే మెల్లగా వంగే మోడరేట్ రాడ్ వాడతారు.

రీల్: స్పిన్నింగా? బెయిట్‌కాస్టరా?

స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది. ఎర విసిరేటప్పుడు దాని చుట్ట తిరగదు, లైన్ చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. నేర్చుకోవడం తేలిక. తక్కువ బరువున్న ల్యూర్లకు బాగా పనికొస్తుంది. బాస్‌కు 2500 లేదా 3000 సైజు సరిపోతుంది.

బెయిట్‌కాస్టర్ రాడ్ పైన కూర్చుంటుంది. విసిరినప్పుడు చుట్టే గిర్రున తిరుగుతుంది. ఎర వేగం తగ్గినా చుట్ట అదే వేగంతో తిరుగుతూ ఉంటే లైన్ మొత్తం చిక్కుపడి పిచ్చుక గూడులా తయారవుతుంది. దాన్ని బొటనవేలితో ఆపడం ప్రాక్టీస్ మీదే వస్తుంది. అలవాటైతే మాత్రం గురి బాగా కుదురుతుంది, మందమైన లైన్‌ను, బరువైన ల్యూర్‌ను ఈజీగా లాగేస్తుంది.

రెండింటికీ రాడ్లు వేరు. స్పిన్నింగ్ రాడ్‌కు బెయిట్‌కాస్టర్ బిగించకండి.

రీల్ మీద 6.2:1 లాంటి అంకె కనిపిస్తే అది గేర్ రేషియో. హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే లైన్ చుట్టు 6.2 సార్లు పడుతుందని అర్థం. క్రాంక్‌బెయిట్‌కు 5 చిల్లర రేషియో హాయిగా ఉంటుంది. నాచులోంచి చేపను గబుక్కున బయటికి లాగాలంటే 7 పైన ఉంటే మేలు. అన్నిటికీ ఒకటే రీల్ అనుకుంటే 6 చిల్లరది తీసుకోండి.

లైన్: తక్కువ ఖర్చు, ఎక్కువ తేడా

ముగ్గురు ఆటగాళ్లు ఉన్నారిక్కడ.

మోనో: మామూలు నైలాన్. చవక, ముడి బాగా పడుతుంది. రబ్బరులా కాస్త సాగుతుంది కాబట్టి మన తొందరపాటును కొంత కాస్తుంది. కానీ ఎండకు త్వరగా పాడవుతుంది.

ఫ్లోరోకార్బన్: నీళ్లలో సరిగ్గా కనపడదు, మునుగుతుంది. అడుగున లాగే ఎరలకు బెస్ట్. నీటి పైన తేలే ఎరలకు మాత్రం వద్దు, ముక్కు కిందికి లాగేస్తుంది.

బ్రెయిడ్: సన్నని పోగులు అల్లిన దారం. దాదాపు సాగదు. 30 పౌండ్ల బ్రెయిడ్ మందం సుమారు 8 పౌండ్ల మోనోతో సమానం. దట్టమైన నాచులో దీనికి తిరుగులేదు. తేటనీళ్లలో చేపకు కనిపిస్తుంది కాబట్టి చివర కొంత ఫ్లోరోకార్బన్ ముక్క కడతారు. చుట్ట మీద జారకుండా కింద కాస్త మోనో చుట్టడం మర్చిపోవద్దు.

ఏ చోటికి ఏ సెట్?

కొత్తవాళ్లు ఒడ్డున నిలబడి వేయాలంటే: దాదాపు 7 అడుగుల మీడియం ఫాస్ట్ స్పిన్నింగ్ రాడ్, 2500 లేదా 3000 రీల్, 8 లేదా 10 పౌండ్ల మోనో. రాడ్, రీల్ కలిపి అమ్మే కాంబోలు అమెరికాలో 50 నుంచి 100 డాలర్ల మధ్య బోలెడు దొరుకుతాయి. మొదటి ఏడాదికి అది చాలు.

మొద్దులు, పొదల దగ్గర: 7 అడుగుల మీడియం హెవీ ఫాస్ట్ రాడ్, బెయిట్‌కాస్టర్, 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్.

నాచు మీద కప్ప ల్యూర్: హెవీ రాడ్, 7 పైన రేషియో ఉన్న బెయిట్‌కాస్టర్, 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్.

డబ్బులు లేని పని, కానీ కీలకం

రీల్‌కు డ్రాగ్ అనే బిగింపు ఉంటుంది. చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా కొంత వదులుతుంది. లైన్ బలంలో పావు వంతు నుంచి మూడో వంతు మధ్య పెట్టుకోవాలి. 10 పౌండ్ల లైన్ అయితే రెండున్నర, మూడు పౌండ్ల లాగుడుకే జారాలి. ఇక ముడి బిగించే ముందు తడపండి. పొడి ముడి రాపిడికి వేడెక్కి బలం పోతుంది. కొన దగ్గర లైన్ గరుకుగా తగిలితే అంత మేర కోసేసి మళ్లీ కట్టండి.

చేపను మళ్లీ వదలాలి, అందుకే ఇదంతా

లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న లార్జ్‌మౌత్ దొరికితే ఇంటికి తెచ్చుకోకూడదు, వెంటనే నీళ్లలో వదిలేయాలి. 24 అంగుళాలు, ఆపైన ఉంటే రోజుకు ఒక్కటే. వదిలిన చేప బతకాలి కదా? చాలా సన్నని లైన్, బలహీనమైన రాడ్‌తో చేపను నిమిషాల తరబడి ఆడిస్తే అది అలిసిపోతుంది. వేసవిలో నీళ్లు వేడెక్కినప్పుడు తిరిగి కోలుకోవడం ఇంకా కష్టం. సరైన సెట్ ఉంటే త్వరగా ఒడ్డుకు చేరుతుంది. తడి చేతులతో పట్టుకుని, పెద్దదైతే పొట్ట కింద రెండో చేయి పెట్టి, వెంటనే వదిలేయండి.

టెక్సాస్‌లో 17 ఏళ్లు, ఆపై వయసున్నవాళ్లకు ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి వేస్తే లైసెన్స్ అక్కర్లేదు. కొత్తవాళ్లు ఓసారి చూసొద్దాం అనుకుంటే ఇదే ఈజీ దారి. రూల్స్ మారుతుంటాయి, సరస్సుకో లెక్క ఉంటుంది. బయల్దేరే ముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైట్‌లో చెక్ చేసుకోండి.

ఇండియాకు తెచ్చుకుంటే పనికొస్తుందా?

భేషుగ్గా! తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకు మన దగ్గర ల్యూర్లతో వేసేవాళ్లు వాడేది కూడా దాదాపు ఇదే సెట్: మీడియం హెవీ రాడ్, బ్రెయిడ్, కప్ప ల్యూర్. కాకపోతే ఊరి చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సొసైటీలది. వాళ్లను అడక్కుండా గాలం వేయొద్దు. ఎక్కడ వేసినా సరే, తెగిన లైన్ ముక్కల్ని గట్టున పడేయకుండా జేబులో వేసుకుని తెచ్చేయండి. కొంగలు, తాబేళ్ల కాళ్లకు చుట్టుకుంటే అవి విడిపించుకోలేవు.