వరికంకుల కుచ్చు – వాకిట్లో డేగ



కోతల రోజుల్లో వరికంకులను కుచ్చుగా అల్లి, పిచ్చుకల కోసం చూరుకు కట్టడం మన పెద్దల ఆచారం. జనగామలో మా పెరటి వసారాకు కూడా ఏటా ఒకటి కడుతుంటాను.

మొన్నొక ఉదయం నేను బియ్యం ఏరుతుంటే, వేపకొమ్మల్లోంచి బూడిదరంగు పిట్ట ఒకటి రివ్వున దూసుకొచ్చి, ఒక పిచ్చుకను కాళ్లతో ఒడిసిపట్టి గోడ దాటిపోయింది. అంతా రెప్పపాటు! చూసిన మా చిన్నమ్మాయి ఆ పూట అన్నం ముట్టలేదు. "అమ్మా, మనం గింజలు పెట్టబట్టే కదా అది చచ్చిపోయింది?" అంది. మా అబ్బాయేమో గులేరు తీశాడు. "ముందు ఆ కుచ్చు తీసెయ్యి" అన్నారు అత్తయ్య.

ఇంతకూ ఆ వచ్చింది గద్ద కాదు, డేగ. రెంటికీ తేడా ఉందండీ. గద్ద పెద్దది, తోక చివర కాస్త చీలి ఉంటుంది, ఆకాశంలో గుండ్రంగా తిరుగుతుంది. మహబూబాబాద్‌లో మా అక్కయ్యవాళ్ల కోడిపిల్లలను తన్నుకుపోయేది అదే. ఈ డేగ పావురమంతే ఉంటుంది. దీన్నే జాలె డేగ, షిక్రా అని కూడా అంటారు. రొమ్ము మీద ఇటుకరంగు అడ్డచారలుంటాయి. ఆకుల చాటున కదలకుండా కూర్చుని, అదను చూసి ఒక్కసారిగా దూకుతుంది. తొండలు, బల్లులు, ఎలుకలు, మిడతలు, చిన్న పిట్టలు దాని ఆహారం.

మరి మా అమ్మాయి అడిగిన మాట? సగం నిజమే! రోజూ ఒకేచోట పిట్టలు గుంపు కడితే డేగ ఆ చోటు కనిపెడుతుంది. అయితే దూకిన ప్రతిసారీ దానికి తిండి దొరకదు. చాలాసార్లు ఉత్త కాళ్లతోనే పోతుంది. ఎండాకాలంలో దాని గూట్లోనూ మూడు నాలుగు పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. పిచ్చుక కూడా తన పిల్లలకు పురుగులను పట్టి పెడుతుంది కదా! పైగా 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం డేగను కొట్టడం, పట్టడం నేరం. అందుకని గులేరు అటక ఎక్కించాను.

మార్చుకోవలసింది మనమే. కుచ్చును బయలులో కాక, గుబురుగా పెరిగిన మల్లెపొదకో గోరింట చెట్టుకో నాలుగడుగుల దూరంలో కట్టండి. పిచ్చుకలకు దూరే చోటు దొరుకుతుంది. మరీ దగ్గరైతే పిల్లి పొంచి ఉంటుంది. డేగ అదే పనిగా వస్తుంటే వారం పది రోజులు కుచ్చు తీసేయండి, పిట్టలు చెదిరిపోతాయి, అదీ వేరే చోటు చూసుకుంటుంది. ఎలుకలకు మందు పెట్టకండి. ఆ మందు తిన్న ఎలుకను తింటే డేగకూ గుడ్లగూబకూ ప్రాణం మీదికొస్తుంది.

భూపాలపల్లిలో ఉండే మా చెల్లెలు ఇంకో సంగతి చెప్పింది. ఉడుతలు ఆగకుండా కిచకిచమన్నా, తోక చీలిన నల్లని ఏట్రింత అరుస్తూ వెంటపడ్డా, దగ్గర్లో డేగ ఉన్నట్టేనట. అప్పటినుంచి మేమూ చెవులు రిక్కించి ఉంటున్నాం.

మా కుచ్చు ఇప్పుడు మల్లెపొద పక్కకు మారింది. డేగ మళ్లీ రెండుసార్లు వచ్చి ఉత్తినే పోయింది. రెండోసారి మా అమ్మాయి చప్పట్లు కొట్టబోయి ఆగిపోయి, "అమ్మా, మరి దానికివాళ అన్నమో?" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. కానీ ఆ పిల్ల మనసులో ఇద్దరికీ చోటు దొరికిందని సంతోషించాను. సెలవు.