మదర్‌బోర్డు ఎంపిక - వేసవి పరీక్ష

భద్రాచలములో మే మాసపు మధ్యాహ్నమున ఉష్ణమాపకము 44, 45 డిగ్రీలు చూపుట వింత కాదు. అట్టి చోట కొందరు విద్యార్థులు కిన్నెరసాని అడవి ఉపగ్రహ చిత్రములను పరిశీలించుటకై, విడిభాగములు కొని కంప్యూటరు కూర్చుకొనదలచిరనుకొందము. 16 కోరుల ప్రాసెసరు నిర్ణయమైనది. మిగిలినది మదర్‌బోర్డు. ఒకటి ఎక్స్870ఈ చిప్‌సెట్టుది, చాల ఖరీదైనది. మరియొకటి బి650, చాల చవుక. రెండింటను 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్టే గలదు. అదే ప్రాసెసరు రెండింటను కూర్చుండును. మరి హెచ్చు వెల దేనికి?

మదర్‌బోర్డును మాతృఫలకమనవచ్చును గాని, ఖమ్మం కొట్టులో ఆ మాట చెప్పినచో ఏమియు దొరకదు. ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు ఒకదానితో నొకటి మాటలాడుకొను బాటలన్నియు దీనిమీదనే యుండును. అయితే అంతకు ముందు ఇది చేయవలసిన పని ప్రాసెసరునకు కూడు పెట్టుట.

పవర్ సప్లై నుండి బోర్డునకు వచ్చునది 12 వోల్టులు. ప్రాసెసరునకు కావలసినది సుమారు 1.2 వోల్టు. ఈ సాకెట్టుపై పెద్ద ప్రాసెసర్లు 230 వాట్ల వరకు గ్రహించును. భాగించి చూడుడు: దాదాపు 190 ఆంపియర్లు! ఇంటి గోడలోని మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది. ఇంత ప్రవాహము ఒకే దారిన పోయినచో ఆ దారి కాలిపోవును. అందుచే బోర్డుపై దానిని అనేక ఫేజులుగా పంచుదురు. ఒక్కొక్క ఫేజునకు స్విచ్చివలె పనిచేయు ట్రాన్సిస్టర్లును, ఒక తీగచుట్టయు నుండును. నిరోధము వలన పుట్టు వేడి ప్రవాహపు వర్గము ననుసరించునని జూలు నియమము. 8 ఫేజులను 16 చేసినచో ఒక్కొక్కదానిలో ప్రవాహము సగమగును, వేడి నాలుగవ వంతగును. ఫేజులు రెట్టింపైనవి గనుక మొత్తము వేడి సగమగును. ఖరీదైన బోర్డు సాధారణముగా ఇచ్చునది ఇదియే. కాని ఇది చిప్‌సెట్టు పేరులో లేదు. మంచి ఫేజులు, దళసరి హీట్‌సింకులు గల బి650 బోర్డులును కలవు. పెట్టెపై అక్షరములు చూచి కొనువారు ఇక్కడనే మోసపోవుదురు.

ఈ ఫేజుల ప్రక్కన నుండు ఘన పాలిమరు కెపాసిటర్లకు వేసవి గట్టి శత్రువు. 20 డిగ్రీలు వేడి పెరిగినచో వాని ఆయువు పదవ వంతగునని ఇంజనీర్ల లెక్క. 105 డిగ్రీల వద్ద 5,000 గంటలు మన్నునది 85 వద్ద 50,000 గంటలు మన్నును. దినమునకు 8 గంటల చొప్పున ఇది 17 సంవత్సరములు. చల్లని గది 24 డిగ్రీలు, భద్రాచలపు గది 44 అయినచో భేదము సరిగా ఆ 20 డిగ్రీలే! ప్రాసెసరునకు నీటి కూలరు పెట్టువారు మరియొకటి గమనింపవలెను: మామూలు ఫ్యాను విసరు గాలి చుట్టునున్న ఫేజులకును తగులును, నీటి కూలరుతో ఆ గాలి పోవును. పెట్టెకు వేరు ఫ్యాను తప్పదు.

ఎక్స్870ఈలో చిప్పులు రెండు, బి650లో ఒకటి. రెండున్నచో సాకెట్లు పెరుగును గాని, అవి ఒకదాని వెనుక నొకటి నిలిచి, సెకనుకు 8 గిగాబైట్లు పట్టు ఒకే బాటన ప్రాసెసరును చేరును. ఊరికి వీధులు పెంచి వంతెన ఒక్కటే ఉంచినట్లు. యూఎస్‌బీ4 వంటివి అదనము. ఈ విద్యార్థులకు వానితో పని లేదు.

పిడుగులు, వోల్టేజి ఒడుదుడుకుల నుండి ఖరీదైన బోర్డు కాపాడునను నమ్మకము తప్పు. ఆ పని యూపీఎస్‌ది, మంచి ఎర్తింగుది. వేసవిలో నేల ఎండినపుడు ఎర్తు గుంటలో నీరు పోయుట మరువరాదు. ప్రాసెసరు లేకయే బయాసును మార్చు మీట మాత్రము ఉండవలెను. 2023లో కొన్ని ఏఎం5 ప్రాసెసర్లు కాలిపోగా, ఎస్ఓసీ వోల్టేజిని 1.3కు మించనీయని కొత్త బయాసు వచ్చినది. పాత బయాసు బోర్డు కొత్త ప్రాసెసరును గుర్తింపనిచో, హైదరాబాదులో ఎరువు ప్రాసెసరు దొరకవచ్చును. ఇక్కడినుండి అది 300 కిలోమీటర్లు.

కావున ఇట్టివారికి ఆ మీటయు, దళసరి హీట్‌సింకులును గల బి650 చాలును. మిగిలిన సొమ్ము యూపీఎస్‌కు పెట్టుట మేలు. మే మాసములో బయాసున ఎకో మోడు ఎంచి 142 వాట్లకు పరిమితి పెట్టినచో ప్రవాహము సుమారు 118 ఆంపియర్లకు దిగును. ఫేజులలో నిరోధపు వేడి ఐదింట రెండు వంతులగును. చిత్రముల పని మాత్రము కొద్దిగానే ఆలస్యమగును.