నోరు తెరిచి ఓసారి చూసుకోండి!

ముఖం మీద చిన్న మచ్చ కనిపిస్తే చాలు, అద్దం ముందు నుంచి కదలం. అదే నోటి లోపల మచ్చ వచ్చి ఆరు నెలలైనా మనకి పట్టదు. పట్టినా, "వేడి చేసిందేమో, మజ్జిగ తాగితే అదే పోతుంది" అని సరిపెట్టేసుకుంటాం. కారం తగ్గించుకుంటామే తప్ప డాక్టరు దగ్గరికి వెళ్లం. నోటి క్యాన్సర్ ఆలస్యంగా బయటపడేది చాలావరకు ఇందుకే.

మా విజయనగరంలో ఇంటికి చేపలు తెచ్చే మామ్మకి అడ్డపొగ అలవాటు. అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. ఉత్తరాంధ్ర తీరం వాళ్లకి కొత్త కాదుగానీ, గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న మీకు వింతగానే ఉండొచ్చు. అలా ఎందుకు అని అడిగితే, "గాలికి ఆరిపోదమ్మా. సంటిబిడ్డనెత్తుకున్నా మీద నిప్పు పడదు. మాయమ్మా ఇలాగే కాల్సీది" అంది. తల్లి నుంచి కూతురికి నగలే కాదు, ఇదీ వస్తోందన్నమాట!

ఈ అలవాటు గురించి డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు వైద్యులు కలిసి ఆంధ్ర పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రచురించారు. పొగాకు విషానికి నిప్పు వేడి కూడా తోడై అంగిలి తెల్లగా, మందంగా తయారవుతుంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. మిగతాచోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ అడ్డపొగ ఉన్నచోట ఎక్కువ కావడానికి కారణం ఇదే.

"ఓసారి డాక్టరుకి చూపించుకో మామ్మా" అంటే, "నొప్పేటీ నేదు గదమ్మా!" అంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. మొదట్లో ఈ మచ్చలకి చాలాసార్లు నొప్పి ఉండదు.

లోపల జరిగేదేమిటో తెలిస్తే దీని సంగతి అర్థమవుతుంది. మన కణాల్లో పి53 అనే జన్యువు కాపలాదారులాంటిది. కణానికి దెబ్బ తగిలితే ఆగి బాగుచేసుకోమంటుంది, కుదరకపోతే చచ్చిపొమ్మంటుంది. పొగాకులోని రసాయనాలు చాలామందిలో ఈ కాపలానే పాడుచేస్తాయి. ఆ తరువాత దెబ్బతిన్న కణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతాయి. అయితే ఒక్క జన్యువు చెడితే క్యాన్సర్ కాదు, ఒకదాని తరువాత ఒకటి అనేకం చెడాలి. దానికి ఏళ్లు పడుతుంది. మనకి దొరికే గడువు అదే! ఇంకోమాట. మచ్చ ఒకచోటే ఉన్నా, చుట్టుపక్కల బాగానే కనిపించే పొరలోనూ జన్యువులు దెబ్బతిని ఉండొచ్చు. ఆపరేషన్ అయ్యాక కూడా అలవాటు మానాలని, మళ్లీ మళ్లీ రమ్మని డాక్టర్లు చెప్పేది అందుకే.

పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి, శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్న వాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది.

మనమూ నెలకోసారి వెలుతురులో అద్దం ముందు నిలబడొచ్చు. కట్టుడు పళ్లుంటే తీసేసి పెదవుల లోపలి వైపు, బుగ్గలు, నాలుక కింద, పక్కలు, అంగిలి చూసుకోవాలి. తెల్లటి, ఎర్రటి మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, మెడలో గడ్డ, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు కనిపిస్తే ఊరుకోకూడదు. "మేం పొగాకు ముట్టం, వక్కపొడే" అనేవాళ్లూ వినండి. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో ప్రచురించింది. వక్క నమిలేవాళ్లలో నోరు క్రమంగా బిగుసుకుపోయి, మూడు వేళ్లు కూడా పట్టని స్థితి వస్తుంది.

మామ్మని పక్కింటి నర్సమ్మ ఎలాగో ఒప్పించి ఆస్పత్రికి తీసుకెళ్లింది. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మామ్మ భయం. అది ఒట్టి అపోహ. తీస్తేగానీ నిజం తేలదు. క్యాన్సర్ కాదుగానీ, ఆ దారిలోనే ఉందన్నారు. చుట్ట మానమన్నారు. ఈమధ్య రోజుకి రెండుకి తగ్గించానంటోంది. ఆ రెండూ మానాలి కదా!

30 దాటినవాళ్లకి నోటి పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేస్తారు, డబ్బు అక్కర్లేదు. మానేయడానికి సలహా కావాలంటే 1800-11-2356కి ఫోన్ చేయొచ్చు, ఇదీ ఉచితమే. అత్తగారికి చుట్ట సంగతి చెప్పడం కోడలికి కష్టమే. మనవరాలి చేత చెప్పించండి, వింటారు.