గీజర్ వేస్తే ఇల్లంతా ట్రిప్ అవుతోందా? ఎర్త్ వైర్ పీకే ముందు ఇది చదవండి

సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరు వెళ్లాను. భోగి రోజు తెల్లవారుజామున ఇంటినిండా చుట్టాలు, అందరూ తలంటుకి రెడీ. గీజర్ వేసిన కాసేపటికే టప్‌మని ఇల్లంతా చీకటి. బ్రేకర్ పైకి లేపితే మళ్లీ అదే కథ. చివరికి పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచాల్సి వచ్చింది.

పండగ పూట ఎలాగో దొరికిన ఎలక్ట్రీషియన్ రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "ప్లగ్‌లో ఎర్త్ వైర్ తీసేద్దామండి, ఇంక ట్రిప్పే అవ్వదు." నాన్న సరేనన్నారు. నేను వద్దన్నాను. ఆయన చెప్పింది అబద్ధమేం కాదు, నిజంగానే ట్రిప్ ఆగిపోతుంది. అసలు భయం అదే!

ఫోన్ హ్యాంగ్ అయినా, గీజర్ పాడైనా ఇంట్లోవాళ్లు పిలిచేది మనల్నే కదా. అందుకే ఈసారి గ్యాడ్జెట్ పక్కన పెట్టి దీని గురించి చెప్తాను.

ముందు ఏది పడిందో చూడండి

మెయిన్ బాక్స్‌లో రెండు రకాల బ్రేకర్లు ఉంటాయి. ఎంసీబీ అనేది కరెంట్ మరీ ఎక్కువైతే, లేదా షార్ట్ అయితే పడుతుంది. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర తీసుకునేది సుమారు 8.7 ఆంప్స్. దానికి 16 ఆంప్స్ ఎంసీబీ హాయిగా సరిపోతుంది.

రెండోది ఆర్‌సీసీబీ. దీని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. ఇది ఎంత కరెంట్ వెళ్తోందో పట్టించుకోదు. ఫేజ్‌లో వెళ్లింది, న్యూట్రల్‌లో తిరిగొచ్చింది సమానమా కాదా అని మాత్రమే చూస్తుంది. ఇళ్లలో వాడేది మామూలుగా 30 మిల్లీఆంప్స్‌ది. అంత తేడా వచ్చిందంటే 0.3 సెకన్లలోపే కట్ చేసేయాలి. తేడా వచ్చిందంటే కరెంట్ ఇంకెక్కడికో, అంటే భూమిలోకో మనిషిలోకో కారుతోందని అర్థం.

మా ఇంట్లో పడింది ఆర్‌సీసీబీ. అంటే లోడ్ సమస్య కాదు, లీకేజీ.

నేను చేసిన తప్పు

గీజర్ గోడ స్విచ్ ఆఫ్ చేసి, ఇంక దాని సంగతి అయిపోయిందనుకున్నాను. మధ్యాహ్నం నీళ్ల మోటార్ వేయగానే మళ్లీ ట్రిప్! దాంతో తప్పు మోటార్‌దే అని ఫిక్స్ అయ్యి, పూట మొత్తం దాని వైర్లు చూస్తూ కూర్చున్నాను.

అసలు విషయం ఏంటంటే, గోడ మీద స్విచ్ ఫేజ్‌ని మాత్రమే కట్ చేస్తుంది. న్యూట్రల్ అలాగే కనెక్ట్ అయి ఉంటుంది. మోటార్ తిరిగేటప్పుడు న్యూట్రల్ వైర్‌లో కరెంట్ పారి, ఎర్త్‌తో పోలిస్తే దాని మీద ఒకటి రెండు వోల్టులు వస్తాయి. గీజర్‌లో న్యూట్రల్ వైపు లీక్ ఉంటే ఆ కొంచెం చాలు. దొంగ గీజర్, దెబ్బలు మోటార్‌కి!

కాబట్టి స్విచ్ ఆఫ్ చేస్తే టెస్ట్ అయినట్టు కాదు. ప్లగ్ బయటికి పీకాలి. అన్ని ప్లగ్‌లూ తీసేసి, ఆర్‌సీసీబీ లేపి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి. గీజర్ ప్లగ్ తీశాక మోటార్ గంట తిరిగినా మా ఇంట్లో ఏమీ అవలేదు.

మల్టీమీటర్ ఏం చెప్పింది

ప్లగ్ చేతిలో ఉంది, నీళ్లు చల్లగా ఉన్నాయి. గీజర్ మీద స్విచ్ ఉంటే అది ఆన్‌లో పెట్టాలి, లేకపోతే రీడింగ్ రాదు. ఫేజ్, న్యూట్రల్ పిన్నుల మధ్య 26 ఓమ్స్ వచ్చింది. 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే వచ్చేది కూడా దాదాపు అంతే. అంటే కాయిల్ బాగానే ఉంది.

తర్వాత న్యూట్రల్‌కీ, పెద్ద పిన్ను ఎర్త్‌కీ మధ్య పెట్టాను. ఇక్కడ మీటర్ మీద ఓపెన్ అని రావాలి. వచ్చింది 40 ఓమ్స్. దొరికింది!

ఒక మాట. ఇక్కడ ఓపెన్ అని వచ్చినంత మాత్రాన గీజర్‌కి క్లీన్ చిట్ ఇవ్వకండి. మల్టీమీటర్ కొద్ది వోల్టులతోనే చూస్తుంది. అనుమానం ఉంటే 500 వోల్టుల మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి.

లోపల జరిగింది ఇదీ

హీటింగ్ ఎలిమెంట్ అంటే ఒక లోహపు గొట్టం, మధ్యలో నైక్రోమ్ కాయిల్, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. కరెంట్ గొట్టానికి తగలకుండా ఆపేది ఆ పొడే. గొట్టం చిల్లు పడితే పొడి తడిసిపోతుంది, ఇన్సులేషన్ పోతుంది.

మాది సముద్రానికి దగ్గర, బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి. డెల్టాలో తీరం వైపు చాలా ఊళ్లలో ఇదే పరిస్థితి. ఉప్పు లోహాన్ని తినేస్తుంది, గట్టి నీళ్లు ఎలిమెంట్ మీద సున్నంలా పేరుకుంటాయి. ఆ పొర కింద ఎలిమెంట్ మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. ట్యాంక్‌ని కాపాడటానికి మెగ్నీషియం యానోడ్ రాడ్ ఒకటి ఉంటుంది. ట్యాంక్ బదులు అది అరిగిపోతుంది. మాది విప్పితే చాక్‌పీస్ ముక్కంత మిగిలింది. ఏళ్లుగా ఎవరూ చూడలేదు మరి.

కొత్త ఎలిమెంట్, యానోడ్, గాస్కెట్ అన్నీ కలిపి 1,400 రూపాయలు అయ్యాయి. బిగించింది ఎలక్ట్రీషియనే. ట్యాంక్ విప్పే పని మీరు చేయకండి.

ఎర్త్ పీకేసి ఉంటే?

లీకైన కరెంట్‌కి దారి ఉండేది కాదు కాబట్టి ట్రిప్ అయ్యేది కాదు. అందరం బాగైపోయిందనుకునేవాళ్లం. లోపల చిల్లు మాత్రం అలాగే ఉండేది. ఏదో ఒకరోజు న్యూట్రల్ వైర్ తెగినా, సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైనా గీజర్ బాడీ మీదకి, నీళ్లలోకి 230 వోల్టులు వచ్చేస్తాయి. పాత ఇళ్లలో ఈ తారుమారు కొత్తేం కాదు. అప్పుడు ఎర్త్ వైర్ చేయాల్సిన పని తడి చేతులతో కుళాయి తిప్పే మనిషి చేయాలి. మా ఇంట్లో అందరికంటే ముందు స్నానం చేసేది అమ్మ.

ఇదంతా చెప్పాక నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం ఆయనే వెళ్లి ఎర్త్ పిట్‌లో నీళ్లు పోసొచ్చారు.

ఎర్రర్ మెసేజ్ కనిపించకుండా చేస్తే బగ్ పోదని మనకి తెలుసు. ఇదీ అంతే. ఈరోజే ఇంట్లో ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడండి. వెంటనే పడాలి. పడకపోతే మార్పించండి. ఆ బటన్ మీ ఎర్తింగ్ బాగుందో లేదో చెప్పదు, అది విడిగా చెక్ చేయించాల్సిందే. అసలు మీ బాక్స్‌లో ఆర్‌సీసీబీయే లేకపోతే, కొత్త ఫోన్ కంటే ముందు కొనాల్సింది అదే.