నీడ పంపకంలో న్యాయం

బాటసారికి నీడ కల్పించడం మన దేశంలో అనాదిగా పుణ్యకార్యంగా పరిగణింపబడుతున్నది. దారుల వెంట మర్రిచెట్లు నాటించినట్లు, బావులు త్రవ్వించినట్లు అశోక చక్రవర్తి తన ఏడవ స్తంభ శాసనంలో చెప్పుకొన్నాడు. నేటికీ వేసవి రాగానే మన ఊళ్ళలో చలివేంద్రాలు వెలుస్తాయి. ఈ సంప్రదాయానికి ఆధునిక రూపమే బస్ షెల్టరు. నాలుగు స్తంభాలు, ఒక కప్పు, కూర్చోవడానికి ఒక బల్ల. చూడడానికి చిన్న విషయమే. ఆ కప్పు ఏ బస్టాపుకు దక్కుతున్నది, ఏ బస్టాపుకు దక్కడం లేదు అని ఆలోచిస్తే మాత్రం ఇది సామాజిక న్యాయానికి సంబంధించిన ప్రశ్న అని బోధపడుతుంది.

1964లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో జాన్ క్లోద్ దెకో అనే వ్యాపారవేత్త ఒక కొత్త పద్ధతిని ప్రవేశపెట్టాడు. షెల్టరును ఆయన సంస్థయే నిర్మించి నిర్వహిస్తుంది. అందుకు ప్రతిఫలంగా దానిపై ప్రకటనల ఆదాయాన్ని పొందుతుంది. నగరపాలక సంస్థకు ఖర్చు ఉండదు. మన నగరాలలోనూ అనేక షెల్టర్లు ఈ మార్గంలోనే వెలిశాయి. ఇందులో మేలు ఉన్నది. ఒక చిక్కు కూడా ఉన్నది. ప్రకటనదారుకు కావలసింది రద్దీగల ప్రధాన రహదారి, కొనుగోలు శక్తిగల జనం. కనుక షెల్టర్లు అటే మొగ్గు చూపుతాయి. పారిశ్రామికవాడ, శివారు కాలనీ, పల్లెదారి కూడలి ఎండకు, వానకు మిగిలిపోతాయి. 2018లో హైదరాబాదులోని ఖైరతాబాదులో ఎయిర్ కండిషన్డ్ బస్ షెల్టరు ప్రారంభమైంది. ఆ సౌకర్యాన్ని మనం తప్పు పట్టనవసరం లేదు. మరొకచోట రేకుల కప్పు సైతం లేకపోవడమే విచారకరం.

అవసరాన్ని కొలిచేదెలా? సాధారణంగా మనం ప్రయాణికుల సంఖ్యనే చూస్తాము. వారు ఎంతసేపు వేచి ఉంటారన్నది కూడా లెక్కలోనికి రావాలి. ఉదాహరణకు రెండు బస్టాపులను ఊహించుకుందాం. మొదటి చోట 5 నిమిషాలకొక బస్సు వస్తుంది. సగటు నిరీక్షణ రెండున్నర నిమిషాలు. అక్కడ 200 మంది ఎక్కితే మొత్తం నిరీక్షణ 500 నిమిషాలు. రెండవ చోట గంటకొక బస్సు. సగటు నిరీక్షణ 30 నిమిషాలు. అక్కడ ఎక్కేది 40 మందే అయినా మొత్తం 1,200 నిమిషాలు. జనం తక్కువైన చోటనే నీడ అవసరం రెట్టింపునకు మించి ఉన్నదన్నమాట. బస్సులు తక్కువగా తిరిగే చోట షెల్టరు కూడా లేకపోతే అక్కడివారికి రెండు విధాల నష్టం.

ఈ నష్టాన్ని భరించేది సొంత వాహనం లేనివారు: దినకూలీలు, విద్యార్థులు, వృద్ధులు, గర్భిణులు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో వేయిమందికి పైగా వడగాల్పులకు బలైన సంగతి మరువరానిది. కర్ణాటకలో 2023 జూన్ నుండి, తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణ పథకాలు అమలులోనికి వచ్చాయి. టిక్కెట్టు భారం తగ్గింది సరే, బస్సు వచ్చేవరకు నిలబడే చోటు మాటేమిటి? బస్టాపులలో దివ్యాంగులకు తగిన వసతులు ఉండాలని 2016 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. వీల్ చెయిరు ఎక్కలేని ఎత్తు గట్టుపై కట్టిన షెల్టరు వారికి ఉన్నా లేనట్లే.

నిధులకు మార్గాలు లేకపోలేదు. పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి నిధులతో షెల్టర్లు నిర్మించవచ్చు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం అర్హతగల సంస్థలు గడచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. తమ పరిసర ప్రాంతాలకు ప్రాధాన్యమివ్వాలి. ఇక్కడనే మనవంటి ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగుల పాత్ర మొదలవుతుంది. దాత పేరు పదిమందికీ కనిపించే జాతీయ రహదారిని ఎంచుకోవాలా, లేక కర్మాగారం గేటు బయట షిఫ్టు ముగిసి బస్సు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు కార్మికుని బస్టాపును ఎంచుకోవాలా?

స్థల నిర్ణయానికి ముందు ఒక వారం పాటు ప్రయాణికులను, వారి నిరీక్షణ కాలాన్ని లెక్కించాలి. ప్రకటనల ఆదాయం వచ్చే షెల్టర్లను అప్పగించేటప్పుడు ఆదాయం రాని బస్టాపులలో కొన్నింటిని కూడా అదే ఒప్పందంలో చేర్చాలి. రాత్రివేళ దీపం, ఏటేటా మరమ్మతు ఎవరి బాధ్యతో ముందే నిర్ణయించాలి. కప్పు వేయడానికి చోటు చాలని దగ్గర ఒక వేపమొక్క నాటి, అది పెరిగేవరకు నీళ్ళు పోయాలి.

ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. మన కాలనీ, మన పరిసర గ్రామాల బస్టాపులలో నీడ లేనివి ఏవో ఉద్యోగులు, కుటుంబ సభ్యులు కలిసి ఒక జాబితా తయారుచేసి యాజమాన్యానికి అందజేస్తే, అది మంచి ఆరంభం కాగలదు.