ఐకాన్లు పోయాయా? ఫార్మాట్ మాట తర్వాత

తొలకరిలో భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు ఈదురుగాలి లేచిందంటే ముందు పోయేది కరెంటే. అడవి మధ్య నుంచి వచ్చే లైను మీద ఒక్క కొమ్మ విరిగి పడితే చాలు. ఆ సమయానికి ఇంట్లో పాత కంప్యూటర్ నడుస్తూ ఉంటే, షట్‌డౌన్ చేసుకునే వ్యవధి కూడా లేకుండా టక్కున ఆగిపోతుంది. కరెంటు వచ్చాక మళ్లీ ఆన్ చేస్తే విండోస్ తెరుచుకుంటుంది గానీ, తెర మీద వాల్‌పేపర్ తప్ప ఏమీ ఉండదు. పోడు పట్టా స్కాన్, పిల్లల కుల ధ్రువీకరణ పత్రం, పెళ్లి ఫొటోల ఫోల్డరు, సగం టైపు చేసిన దరఖాస్తు... నిన్నటిదాకా వరసగా ఉన్న ఐకాన్లలో ఒక్కటీ కనిపించదు.

కంగారుగా సీపీయూ బండి మీద పెట్టుకుని టౌనుకు పోతే చాలాసార్లు వినపడే మాట ఇది: "విండోస్ పోయిందన్నా, మళ్ల వేయాలె. సి ఒక్కటే ఫార్మాట్ కొడ్త, డీల ఉన్నయి ఎటూ పోవు." డి డ్రైవులోవి పోవన్నది నిజమే. కానీ డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవులో. విండోస్ 7లోనైనా 10లోనైనా సి తెరిచి, ‘యూజర్స్’ అనే ఫోల్డరులోకి వెళ్లి, మన పేరున్న ఫోల్డరు తెరిస్తే అందులో ‘డెస్క్‌టాప్’ అని ఇంకో ఫోల్డరు ఉంటుంది. ఎక్స్‌పీలో అయితే ‘యూజర్స్’ బదులు ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’. మనం తెర మీద పెట్టుకున్న ప్రతి ఫైలూ నిజంగా ఉండే చోటు అదే. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కూడా దాని పక్కనే. అంటే ‘సి ఒక్కటే’ ఫార్మాట్ చేస్తే పోయేవి సరిగ్గా మనం వెతుక్కుంటున్నవే. అందుకే ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు అసలు ఏం జరిగిందో చూసుకోవాలని గట్టిగా చెబుతున్నాను. ఐకాన్లు మాయమైన సందర్భాల్లో ఎక్కువ భాగం ఫైళ్లు ఉన్నచోటే భద్రంగా ఉంటాయి.

ఇన్ని పాత మెషీన్లు ఇంకా ఎందుకు నడుస్తున్నాయని అడిగేవారికి ఒక మాట. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది. 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న అదే జరిగింది. అయినా ఖమ్మం, కొత్తగూడెం డీటీపీ సెంటర్లలో పాత సిస్టమ్‌ను పారేయలేరు. అక్కడ పేజీలు కూర్చడానికి వాడే పేజ్‌మేకర్ ప్రోగ్రాము 2001లో వచ్చిన ఏడో వెర్షన్‌తో ఆగిపోయింది. దానికి తోడు తెలుగు టైపు చేసే ‘అను’ ఫాంట్లు. పెళ్లిపత్రికలూ కరపత్రాలూ ఏళ్ల తరబడి ఆ జోడీ మీదే తయారయ్యాయి. ఇళ్లలో అయితే పిల్లల చదువు కోసం కొన్న అసెంబుల్డ్ సిస్టమ్ పని చేసినన్నాళ్లూ ఉంటుంది. అందులో తప్పేమీ లేదు.

ఐకాన్ సంగతికి వద్దాం. తెర మీద చిన్న బొమ్మ పెట్టి, దాన్ని నొక్కితే ఫైలు తెరుచుకునేలా చేయడం జిరాక్స్ సంస్థ 1981లో తెచ్చిన ‘స్టార్’ కంప్యూటర్‌తో మార్కెట్లోకి వచ్చింది. 1984లో ఆపిల్ మెకింటాష్ కోసం సూసన్ కేర్ గీసిన బొమ్మలు దాన్ని జనానికి దగ్గర చేశాయి. మన ఇళ్లలో కనిపించే రూపం 1995 ఆగస్టులో విండోస్ 95తో స్థిరపడింది. డెస్క్‌టాప్ మీద రెండు రకాల ఐకాన్లు ఉంటాయి. కొన్ని అసలు ఫైళ్లే. ఎడమ పక్క కింది మూలలో చిన్న బాణం ఉన్నవి షార్ట్‌కట్‌లు. షార్ట్‌కట్ అంటే సారపాక రోడ్డు మీద భద్రాచలం వైపు చూపించే బోర్డు లాంటిది. గాలికి బోర్డు పడిపోయినంత మాత్రాన ఊరు ఎక్కడికీ పోదు. ప్రోగ్రాముల ఐకాన్లన్నీ దాదాపు ఈ రకమే. పోయినా స్టార్ట్ మెనూ నుంచి మళ్లీ పెట్టుకోవచ్చు.

ముందు చూడాల్సింది తెర అడుగున టాస్క్‌బార్ ఉందా లేదా అని. డెస్క్‌టాప్‌నూ టాస్క్‌బార్‌నూ స్టార్ట్ బటన్‌నూ తెర మీద చూపించేది ఒకే ప్రోగ్రాము, దాని పేరు ఎక్స్‌ప్లోరర్. అది కుప్పకూలితే అన్నీ కలిసే పోతాయి, వాల్‌పేపరో నల్ల తెరో మిగులుతుంది. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ఫైల్ మెనూలో కొత్త టాస్క్ ఎంచుకుని, ఇంగ్లీషులో ‘ఎక్స్‌ప్లోరర్’ అని టైపు చేసి ఎంటర్ కొడితే చాలాసార్లు అన్నీ తిరిగి వస్తాయి.

టాస్క్‌బార్ ఉండి ఐకాన్లు మాత్రమే లేకపోతే, ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కి ‘వ్యూ’లో ‘షో డెస్క్‌టాప్ ఐకాన్స్’ పక్కన టిక్ ఉందో లేదో చూడాలి. ఎక్స్‌పీలో ఇది ‘అరేంజ్ ఐకాన్స్ బై’ కింద ఉంటుంది. పిల్లలు మౌస్‌తో ఆడుకుంటూ ఆ టిక్ తీసేయడం చాలా మామూలు. విండోస్ 10లో టాబ్లెట్ మోడ్ ఆన్ అయినా ఐకాన్లు కనిపించవు. వన్‌డ్రైవ్ బ్యాకప్‌కు ఎప్పుడో సరే అని నొక్కి ఉంటే డెస్క్‌టాప్ ఫోల్డరే వన్‌డ్రైవ్ ఫోల్డరులోకి మారి ఉంటుంది, అక్కడ వెతకాలి. ఐకాన్లు ఉండి, బొమ్మలు పోయి తెల్ల కాగితాల్లా కనిపిస్తే భయపడాల్సిందేమీ లేదు. బొమ్మలను విండోస్ వేరే ఒక ఫైలులో దాచుకుంటుంది, అది పాడైందంతే. దాన్ని తీసేస్తే విండోస్ తనే కొత్తది తయారు చేసుకుంటుంది.

ఇక విండోస్ తనంతట తానే ఐకాన్లు తీసేసే సందర్భం ఒకటుంది. ఎక్స్‌పీలో డెస్క్‌టాప్‌ను శుభ్రం చేసే సదుపాయం 60 రోజులకోసారి లేచి, వాడని షార్ట్‌కట్‌లను ఒక ఫోల్డరులోకి సర్దేయమంటుంది. సరే అని నొక్కితే అవి ఆ ఫోల్డరులోకి చేరతాయి గానీ పోవు. విండోస్ 7 అలా అడగదు. వారానికోసారి జరిగే నిర్వహణలో, గమ్యం దొరకని షార్ట్‌కట్‌లు నాలుగుకు మించి కనిపిస్తే వాటిని తొలగించేస్తుంది.

గోదావరి ఒడ్డున ఉండేవారికి ఇది ఎలా ఎదురవుతుందో చూడండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగుల దగ్గర. అలాంటి రోజుల్లో సామాన్లన్నీ హడావిడిగా పైఅంతస్తుకో బంధువుల ఇంటికో చేరతాయి, సీపీయూ కూడా. ఆ కుదుపులకు లోపల హార్డ్‌డిస్కు కేబుల్ వదులైందనుకుందాం. రెండు డిస్కులున్న సిస్టమ్‌లో రెండోది కనిపించదు. దానిలోని ఫోల్డర్లకు తెర మీద పెట్టుకున్న షార్ట్‌కట్‌లన్నిటికీ గమ్యం లేకుండా పోతుంది. వారం తిరిగేసరికి విండోస్ వాటిని ఊడ్చేస్తుంది. ఇంట్లోవాళ్లు ‘వరదకు అన్నీ పోయాయి’ అనుకుంటారు. ప్లగ్గు పీకి, మూత విప్పి, కేబుల్ గట్టిగా నొక్కితే డిస్కూ ఫైళ్లూ అక్కడే ఉంటాయి. కంట్రోల్ ప్యానెల్‌లో ట్రబుల్‌షూటింగ్ కింద సెట్టింగ్స్‌లో కంప్యూటర్ మెయింటెనెన్స్ ఆఫ్ చేస్తే ఈ ఊడ్చివేత ఆగుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. సీపీయూలోకి నీళ్లు పోయి ఉంటే ఎంత ఆత్రంగా ఉన్నా ఆన్ చేయకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా మనుషుల్ని బెదరగొట్టేది తాత్కాలిక ప్రొఫైల్. మన పేరుతో లాగిన్ అయినప్పుడు మన ఇష్టాయిష్టాలన్నీ ఉండే ఒక సెట్టింగుల ఫైలును విండోస్ తెరుస్తుంది. ఆ ఫైలులో ఏదో రాస్తుండగా కరెంటు పోతే అది చెడిపోవచ్చు. మర్నాడు ఆ ఫైలు తెరుచుకోక, విండోస్ ఒక ఖాళీ ప్రొఫైల్ సృష్టించి మనల్ని అందులోకి పంపుతుంది. వాల్‌పేపర్ కూడా కొత్త సిస్టమ్‌లో ఉండేదే వస్తుంది. టాస్క్‌బార్ కుడి మూలన టెంపరరీ ప్రొఫైల్ అని ఒక చిన్న సందేశం కాసేపు కనిపించి పోతుంది, దాన్ని చాలామంది గమనించరు. అంతా తుడిచిపెట్టుకుపోయినట్టు కనిపిస్తుంది కానీ, సి డ్రైవులో ‘యూజర్స్’ తెరిస్తే మన పేరున్న పాత ఫోల్డరు, దానిలో డెస్క్‌టాప్, అందులో మన ఫైళ్లు ఉంటాయి. పక్కనే ‘టెంప్’ అనే పేరుతో కొత్త ఫోల్డరు కూడా కనిపిస్తుంది.

ఈ స్థితిలో చేయకూడని పని, అక్కడే కూర్చుని కొత్త పని మొదలుపెట్టడం. తాత్కాలిక ప్రొఫైల్‌లో తెర మీద సేవ్ చేసినవి లాగ్ ఆఫ్ కాగానే తుడిచిపెట్టుకుపోతాయి. ముందు పాత ఫోల్డరులోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్‌ను బయటి డిస్కులోకి కాపీ చేసుకోవాలి. తర్వాత రెండుమూడుసార్లు రీస్టార్ట్ చేసి చూడాలి. ఒక్కోసారి యాంటీవైరస్ ఆ సెట్టింగుల ఫైలును పట్టుకుని ఉండటం వల్లే ఇలా అవుతుంది, రీస్టార్ట్‌తో సర్దుకుంటుంది. కాకపోతే రిజిస్ట్రీలో సరిచేయాలి, అది తెలిసినవారి పని. అదీ కుదరకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకో పేరుతో కొత్త ఖాతా తెరిచి, కాపీ చేసుకున్నవి అందులో పెట్టుకుంటే సరిపోతుంది. దీనికి ఫార్మాట్ అక్కర్లేదు.

పెన్‌డ్రైవ్ సంగతి కూడా చెప్పాలి. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోవడానికి పెన్‌డ్రైవ్ ఇచ్చి, ఇంటికొచ్చి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటాయి. ఆ వైరస్ అసలు ఫోల్డర్లను చెరపదు. వాటికి ‘హిడెన్’, ‘సిస్టమ్’ అనే రెండు గుర్తులూ తగిలించి దాచేసి, అదే పేర్లతో తన షార్ట్‌కట్‌లు పెడుతుంది. వాటిని నొక్కితే వైరస్ ఇంట్లో సిస్టమ్‌కూ ఎక్కుతుంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని టిక్ పెట్టి, ‘ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ దాచమన్న టిక్ తీసేస్తే అసలు ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. వాటిని కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయవచ్చు. షార్ట్‌కట్‌ను చిన్న విషయంగా తీసేయకూడదు. 2010లో బయటపడి ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రాన్ని దెబ్బతీసిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము వ్యాపించడానికి వాడుకున్న దారుల్లో షార్ట్‌కట్ లోపం ఒకటి. నొక్కకపోయినా, ఐకాన్‌ను తెర మీద చూపించబోతే చాలు, అది లోపలికి దూరేది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది ఆగస్టులో సవరణ విడుదల చేసింది. మద్దతు ఆగిన ఎక్స్‌పీకి ఇలాంటి సవరణలు ఇక రావు, దానితో ఇంటర్నెట్ వాడవద్దనేది ఇందుకే.

ఇవేవీ కాకుండా హార్డ్‌డిస్కు నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటేనో, ఒక్కో ఫోల్డరు తెరవడానికి నిమిషాలు పడుతుంటేనో, డిస్కే పోతోందని అర్థం. అప్పుడు చెక్‌డిస్క్ లాంటివి నడపొద్దు, అవి డిస్కుకు ఇంకా పని పెడతాయి. సిస్టమ్ ఆపేసి, డిస్కు విప్పించి, మరో కంప్యూటర్‌కు తగిలించి ముఖ్యమైనవి ముందు కాపీ చేయించాలి.

యూపీఎస్ ఉంది కదా అనేవారు దాని బ్యాటరీ ఎప్పటిదో చూసుకోవాలి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 యాంపియర్ అవర్ బ్యాటరీ ఒకటుంటుంది. రెండు మూడేళ్లకు అది నీరసిస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, భద్రాచలం లాంటి చోట్ల వేడికి ఇంకా ముందే దెబ్బతింటుంది. సిస్టమ్‌లో ముఖ్యమైన పని ఏదీ తెరవకుండా ఒకసారి ప్లగ్గు స్విచ్ ఆపి, అది ఎంతసేపు నిలబడుతుందో చూస్తే తెలిసిపోతుంది.

ఇంతా చూశాక ఫార్మాట్ తప్పదని తేలితే చేయించండి. కానీ షాపులో ఉన్నవారి ఎదురుగా కూర్చుని, సి డ్రైవులోని ‘యూజర్స్’ ఫోల్డరు మొత్తం బయటి డిస్కులోకి కాపీ అయ్యేదాకా ఆగండి. అనుమతి లేదని అడ్డం వస్తే ‘కంటిన్యూ’ నొక్కితే తెరుచుకుంటుంది. అను ఫాంట్లలో టైపు చేసినవి ఉన్నవారు ఇంకో పని కూడా చేయాలి. ఆ ఫైళ్లలో నిల్వ ఉండేది యూనికోడ్ తెలుగు కాదు. ఫాంటు లేకపోతే అక్షరాలు ఇంగ్లీషు గుర్తుల గజిబిజిగా కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఉండేది కూడా సి డ్రైవులోనే, ‘విండోస్’ లోపలి ‘ఫాంట్స్’ ఫోల్డరులో. వాటిని కూడా అదే డిస్కులోకి కాపీ చేయించి, ఒకటి రెండు ఫైళ్లు వేరే సిస్టమ్‌లో తెరిచి చూసుకున్నాకే ఫార్మాట్‌కు సరేననాలి.